గేటుకు కట్టిన చీపురు

హైల్‌బ్రాన్,
17 జూన్ 2021, గురువారం.

గౌరవనీయులు శశికాంత్ గారికి,

మీ రూమ్మేట్ సృజన్ పద్ధతిగా నమస్కారం పెట్టి రాస్తున్నాడు. నేను క్షేమం. దగ్గు లేదు, జ్వరం లేదు, మొన్నటి టెస్టు కూడా నెగెటివ్. బ్రెమెన్‌లో మీరూ, మీ గిరిజక్క కుటుంబమూ క్షేమమని తలుస్తాను.

గారు అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, కోపం కూడా పలచబడుతోంది. కాబట్టి మామూలుగానే రాస్తా. నా నంబర్ బ్లాక్ చేస్తివి. మెయిల్‌కి జవాబు లేదు. ఆదివారం పొద్దున్నే బ్యాగు సర్దుకుని, టీ కూడా తాగకుండా రైలెక్కితివి. అందుకే కాగితం మీదికి వచ్చాను. నేనడిగేది ఒక్కటే: నువ్వు తిరిగి వస్తున్నావా, లేదా? రాకపోతే ఎందుకు పోయావో చెప్పు. ఎంత ఆలోచించినా నాకు అంతు దొరకడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే నా తలలో ఒక వరుసలోకి వస్తుందేమోనని ఆశ.

క్లాస్తాల్‌లో మన ఎం.ఎస్. క్లాసులన్నీ కంప్యూటర్‌లోకి పోయాయి కదా. గోదాములో పార్సెళ్ళు సర్దే పని దొరికిందని ఇద్దరం ఈ ఊరొచ్చి ఒకే గదిలో చేరాం. అంతవరకూ అర్థమైంది. చలి తగ్గినప్పటి నుంచి నువ్వు ప్రతి శనివారం నది ఒడ్డున నడకకని పోతున్నావు. బూట్లకు మట్టి, చేతుల నిండా గీతలతో వస్తున్నావు. నడిస్తే కాళ్ళు నొస్తాయి గానీ చేతులు గీసుకుపోవు. ఎవరో పిల్ల ఉందనుకున్నా. అడిగితే ఉత్తగ నడకే అంటివి. మొన్న కత్తెర పట్టుకుని నీ సైకిల్ ట్యూబ్‌ని పట్టీలుగా కోశావు. ఏంరా ఇది అంటే పంక్చర్ అంటివి. పంక్చర్‌కి ఎవడైనా ట్యూబ్ మొత్తం కోస్తాడా?

శుక్రవారం నాడు నువ్వే పిలిచావు. రేపు నువ్వు కూడా రారా, దారి చాలా సులువు, గుట్టలెక్కేది లేదు, చెప్పులేసుకున్నా సరిపోతుంది, అక్కడొకచోట కూర్చుని నీతో ఒక ముచ్చట చెప్పాలి అన్నావు. నేను వచ్చాను. ఇది మర్చిపోకు. పిలిచింది నువ్వు.

రైల్లో ఒకామె మన ఎదురు సీటు నుంచి లేచి వేరే సీట్లోకి పోయింది. నాకు అప్పుడే ఒళ్ళు మండింది. పేపర్లలో ఈ కొత్త వైరస్‌కి మన దేశం పేరు పెట్టి రాసిందంతా నేను చదివాను. నువ్వేమో ఆమె మొహం మీద ఎండ పడుతోంది, అందుకే లేచింది అన్నావు. బానిసలు ఇట్లనే సర్దుకుంటారని నేనన్నాను. ఆ మాట కొంచెం ఎక్కువైందేమో.

బేసిగ్‌హైమ్‌లో దిగి నడిచాం. నెకర్ నది ఒక పక్క, రెండో పక్క ఆకాశం దాకా మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. పిల్లల బండి తోసుకుంటూ పోయేంత చదునైన దారి. నీళ్ళ అంచున ఒక కొంగ మనల్ని చూసి కూడా కదల్లేదు. ఒక ఇంటి గోడ మీద ఏ ఏడు వరద ఎంత ఎత్తు వచ్చిందో గీతలు గీసి ఉంటే నువ్వు వేలు పెట్టి చూపించావు. బాగుంది, నేను కాదనను. కానీ ఆ రాతి కట్టలు చూడగానే నా నోరు ఊరుకోలేదు. ఈ రాళ్ళు మోసిన వీపులెవరివి, ఈ శ్రమంతా ఆఖరుకి సీసాలోకే పోతోంది కదా అన్నాను. పెళ్ళికి ముందు మా అమ్మ హైమావతి జనగామ పక్కన సారా దుకాణం ముందు బైఠాయించి దెబ్బలు తిన్న సంగతి మళ్ళీ చెప్పాను. తాగించేవాడికీ, తాగడానికని పండించేవాడికీ తేడా లేదన్నాను. నువ్వు ఒకట్రెండుసార్లు నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నావు. అప్పుడు గమనించలేదు, ఇప్పుడు గుర్తొస్తోంది.

ఇక ఆ ఆకుపచ్చ గేటు ఇల్లు. గేటు మీద, మన తలకంటే ఎత్తుగా, చీపురు. పుల్లలు పైకి, కట్టె కిందికి, నడుముకి ఎర్ర రిబ్బను. గేటు బార్లా తీసి ఉంది. లోపల బల్ల మీద గుడ్డ పరిచి ఉంది, మనిషి జాడ లేదు.

నాకు శకునాల మీద నమ్మకం లేదు. గ్రహణం రోజు నడిబజార్లో మిర్చీబజ్జీ తిన్నవాణ్ణి. కానీ శకునం వేరు, అవమానం వేరు. వీధి గుమ్మానికి చీపురు కట్టి చూపించడమంటే మన దగ్గర ఏమిటో నీకు తెలుసు. వచ్చేది ఇద్దరు నల్లటి పిల్లలు, ఊర్లో వైరస్ భయం, గేటుకు చీపురు. నేను లెక్క కట్టేశాను.

నువ్వు ఆగు సృజన్ అన్నావు. అది అట్ల కాదు, జర ఇను అన్నావు. నేను అప్పటికే పక్క గోడ ఎక్కి దాన్ని పీకేశాను. తర్వాత నేను మాట్లాడిందంతా నీకు గుర్తుంటుంది. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, నాకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కలు. లోపల కుక్క మొరిగింది తప్ప ఎవరూ రాలేదు.

సాక్ష్యంగా ఉంటుందని దాన్ని భుజాన వేసుకుని ముందుకు నడిచాను. అక్కడి నుంచి నాకేదీ అర్థం కాలేదు. సైకిళ్ళ మీద వస్తున్న ముసలి జంట ఆగి, చీపుర్ని చూసి, మొహమంతా నవ్వుతో ఏదో అడిగారు. ఫోన్లో పెట్టి చూస్తే చీపురు తెరిచి ఉందా అని వచ్చింది. చీపురు తెరిచి ఉండటమేంది? లేదు అని అరిచాను. పాపం వాళ్ళ మొహాలు వాడిపోయాయి. తర్వాత నలుగురు ఆడవాళ్ళు, అదే నవ్వు, అదే ప్రశ్న. వీళ్ళంతా కలిసి నన్ను ఆడుకుంటున్నారారా అని నిన్నడిగాను. నువ్వు నదిలో పడవల్ని దాటించే నీటి గేటు పక్క బెంచీ మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నావు. ఆఖరికి, నీకు మనుషుల మాటలు వినపడవురా, కరపత్రాల మాటలే వినపడతయ్ అన్నావు. అని, వచ్చిన దారినే ఆ ఇంటివైపు వెనక్కి పోయావు. సాయంత్రం గదికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నావు.

సోమవారం చీపురు పట్టుకుని ఇక్కడి రాట్‌హౌస్‌కి, అదే మునిసిపల్ ఆఫీసుకి పోయాను, ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్ తీసుకునే. అద్దం వెనక కూర్చున్నాయన నా సాక్ష్యాన్ని చూడగానే వెలిగిపోయాడు. ఏ ఊరు, ఏ రోజు అని అడిగాడు. చెప్పాను. ఫిర్యాదు రాసుకుంటున్నాడనుకున్నా. భార్యను తీసుకుని వస్తానన్నాడు. అవమానాన్ని చూడ్డానికి ఎవడైనా భార్యతో బయల్దేరతాడా? దండం పెట్టి వచ్చేశా.

చీపురు ఇప్పుడు నీ మంచం పక్కన ఉంది. ఊడవడానికి పనికిరాదు, పారేయడానికి చేయి రాదు. నిన్న రిబ్బను కింద చూస్తే పుల్లల్ని బిగించింది సైకిల్ ట్యూబ్ పట్టీ. అచ్చం మా అమ్మ కట్టినట్టే, రెండు చుట్లు తిప్పి కొసను లోపలికి దోపి. జర్మన్లు కూడా ఇట్లనే కడతారా? దాన్ని చూస్తూ కూర్చున్నాను. కోపం ఎటు పోవాలో తెలియక నిలబడిపోయింది.

నాది తప్పయితే తప్పని చెప్పు. కానీ ఏం తప్పో చెప్పు. ఈ మౌనం నావల్ల కాదు.

ఇట్లు,
న్యాయం కోసం, అంతకుముందు నీ జవాబు కోసం చూసే
సృజన్

తా.క. శనివారం, ఆ ఆకుపచ్చ గేటు ఇంటి నుంచి. ఉత్తరం పోస్టు చేయలేదు. రైలెక్కి, చీపురు పట్టుకుని, ఈ ఇంటివాళ్ళనే ఎదురుగా నిలబడి అడిగేద్దామని వచ్చాను. ఇంటి ముసలామె, హేబర్లే అవ్వట, తలుపు తీసింది. తిట్టలేదు. నన్ను కాదు, చీపుర్ని చూసింది. రిబ్బను పక్కకు జరిపి ఆ ట్యూబ్ మీద వేలు పెట్టి, శాషి అంది. శాషి ఎక్కడ అంది. నిన్నే అడుగుతోంది.

ఆమె మాట్లాడింది, నా ఫోన్ అనువాదం చేసింది. ఈ పక్కన తోటలున్నవాళ్ళు ఏడాదిలో కొన్ని వారాలు తమ ఇంట్లోనే అన్నం, వైన్ పెడతారట. గేటు మీద చీపురుంటే లోపలికి రండని అర్థమట, ఆ భోజనశాలను కూడా చీపురనే పిలుస్తారట. ప్రతి ఏడూ ఆమె భర్త కట్టేవాడు. జనవరిలో ఆయన కరోనాతో పోయాడు. ఈ ఏడు తెరవననుకుందట. శనివారాలు వచ్చి తోటలో తీగలు కట్టే ఇండియా పిల్లవాడు, నేను కడతాను, తెరువు అన్నాడట. చదువు మానేసి అక్కడే పని నేర్చుకుంటానని కూడా అన్నావట. ఇంట్లో చెప్పే ముందు సృజన్‌కి చెప్పాలి, వాడు సరేనంటే ధైర్యం వస్తుంది అన్నావట. నేనా, నీకు ధైర్యం.

ఆ రోజు మొదటి బల్ల మనకే వేసిందట. నేను మాంసం తిననని పప్పు వండిందట, నేను తాగనని పులియని ద్రాక్షరసం పక్కన పెట్టిందట. మనం గేటు దగ్గరికి వచ్చినప్పుడు పెరట్లో ఉండి నా అరుపులు విని భయపడి బయటికి రాలేదట. చీపురు లేదు కాబట్టి ఆ రోజు ఎవరూ ఆగలేదు. నువ్వొక్కడివే వెనక్కి వచ్చి, ఆ పప్పు తిని, గిన్నెలు కడిగి పోయావట.

సారా సంగతి నాకింకా తేలలేదు, అబద్ధం చెప్పను. నీతో వాదిస్తా. కానీ ఎదురెదురుగా కూర్చుని, నువ్వు చెప్పింది మొత్తం విన్నాక.

ఇప్పుడే అవ్వ నిచ్చెన పట్టుకుంటే నేనే ఎక్కి మళ్ళీ కట్టాను. దిగేలోపే ఎవరో సైకిల్ ఆపి అదే ప్రశ్న అడిగారు. తెరిచే ఉంది, రండి అన్నాను. ముడి మాత్రం నీలాగా కుదరలేదు. గాలికి చీపురు ఒక పక్కకి వంగుతోంది. వచ్చి బిగించు.