బావ కుడిచేయి

అక్కా,

బావ చేయి తలుపు సందులో నలిగిందని నీతో చెప్పింది అబద్ధం. సుత్తితో విరగ్గొట్టింది నేనే.

మా కొత్త విమానం రెక్కను లోహంతో కాదు, కార్బన్ ఫైబర్ పొరలు అతికించి చేశాం. తనిఖీలో లోపలి పొరలు విడిపోయి కనిపించాయి. అయినా రెక్క బాగుంది, ఎగరొచ్చని బావ సంతకానికి సిద్ధమయ్యాడు.

"పోటీ కంపెనీ విమానం ముందు ఎగిరితే మన ఫ్యాక్టరీకి తాళమేరా!" అన్నాడు.

"జనం చస్తారు బావా!" అంటూ కాగితం లాగాను. పిడికిలితో నా మూతి పగలగొట్టాడు. రెండు పళ్లు ఊడాయి. మళ్లీ పెన్ను పట్టగానే ఆ చేతిమీద సుత్తి దించాను. ఎముకలు పటపట విరిగాయి.

సంతకం ఆగడంతో రెక్కను నిన్న నేలమీద పరీక్షించారు. మోయాల్సిన బరువులో సగానికే ఫెళ్లున విరిగింది. ఆసుపత్రికెళ్లి చెబితే బావ గోడవైపు తిరిగి ఏడ్చాడు.

చేయి నయమయ్యాక నన్ను కొడతాడేమో. నువ్వు అడ్డురాకు.

నీ తమ్ముడు