ఇంకొంచెం పైకి

అక్కా,

ఫోన్ చేస్తే నీ మరదలు వింటుందని ఉత్తరం రాస్తున్నాను. నీ నర్సరీలో కాఫీ మొక్కలు లారీకెక్కించకు.

"నాన్నలాగే తోటని కొండమీద ఇంకొంచెం పైకి జరుపు, చలి తగిలితే అదే బాగుపడుతుంది" అన్నావు. నాన్న పద్ధతి మరిచిపోతానా? పండు కొరికి, చప్పగా ఉంటే "ఇక్కడ వేడెక్కిందిరా, పైకి పోదాం పదండి" అనేవాడు. చలిలో పండు నిదానంగా పండితేనే గింజకి బరువూ రుచీ. ఇప్పుడేమో ఏదో తరుముతున్నట్టు ఎర్రబడిపోతోంది. గింజ చూస్తే బెండు. మొన్న కొనేవాడొచ్చి ఒక్క గుక్క తాగి, కప్పు పక్కన పెట్టి, పిల్లల చదువుల గురించి అడిగాడు. ధర మాటే ఎత్తలేదు.

నిన్న అన్నిటికన్నా పై వరుసలో పండు కొరికాను. అదీ చప్పనే. నీ మొక్కలకి చోటు చూద్దామని ఇంకా పైకెక్కాను. నాలుగడుగులు వేశానో లేదో, బండరాళ్లు. వాటిమీద ఆకాశం. అవతల మళ్లీ దిగుడే.

ఇంటికొచ్చాక నీ మరదలు "చోటు దొరికిందా?" అంది. ఆ మొహం చూసి, దొరికిందన్నాను. అప్పుడే గుంతలు తవ్వడానికి గునపం బయటపెట్టింది.

కొండ అయిపోయిందని దానికెలా చెప్పనక్కా? అది ఫోన్ చేస్తే, మొక్కలింకా ఎదగలేదని చెప్పు.

నీ తమ్ముడు