గోడ మీది ఎర్ర గుర్తు

రోడ్డు విస్తరణ పనులు చూసే అధికారి గారి సముఖమునకు,

పుంగనూరు రోడ్డు, సత్రంమిట్ట, పరుపుల కొట్టు అబ్దుల్ గఫార్ వ్రాసుకున్న అర్జీ.

విషయం: మా ఇంటి ముందు గోడ మీద తమ శాఖ వారు వేసిన ఎర్ర గుర్తును తమరు స్వయంగా వచ్చి చెరిపివేయుట గురించి.

అయ్యా,

గుర్తు చెరపడం ఒక్క నిమిషం పని, దానికి అర్జీ ఎందుకని తమకు తోచవచ్చును. కింది సంగతులు చదివిన పిమ్మట అట్లా తోచదని నమ్ముతున్నాను.

1. మూడేళ్ళ కిందట కుప్పుస్వామి అను సర్వేయరు గారు వచ్చి, టేపు పట్టి కొలిచి, మా గోడకు ఎర్ర రంగుతో అడ్డగీత, దాని కింద బాణం వేసినారు. గీత మేరకు కొట్టు, వెనుక వంటిల్లు రోడ్డులోకి పోతాయన్నారు. నా భార్య మైమూన్ బీ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "ఎప్పుడు కొడతారప్పా?" అని అడిగింది. "నోటీసు వస్తాదిలేమ్మా. అంతవరకు ఈ గుర్తు పోకుండా సూసుకోండి. సెరిపితే కేసవుతాది" అని చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళిపోయినారు. ఆ నోటీసు నేటి వరకు రాలేదు.

2. వచ్చి ఉంటే ఏడ్చేవాళ్ళం, సర్దుకునేవాళ్ళం, వేరే చోటు చూసుకునేవాళ్ళం. రాలేదు గనుక ఎదురుచూసినాము. మైమూన్ బీ గిన్నెలన్నీ గోనెసంచుల్లో మూటగట్టి, ఒక్క తపేలాతో వండసాగింది. రోడ్డు మీద జేసీబీ పోతే చాలు, చేతిలో పని వదిలేసి గోడకు వీపు ఆనించి నిలబడేది. చెప్పులు తొడుక్కునే పడుకునేది. ఊరందరికీ పరుపులు కుట్టే ఇంట్లో నిద్ర లేకుండా పోయింది. కుప్పం నుంచి ఆమె తమ్ముడు వచ్చి, "నాలుగు దినాలు మా ఇంట్లో ఉండి పో ఆపా" అని పిలుచుకొని పోతే, మర్నాటి బస్సుకే తిరిగి వచ్చింది. "నేను ఆడుండగా ఈడ కొట్టేస్తే?" అని అడిగింది.

3. మొదట కడుపులో మంట అన్నది. తర్వాత తలనొప్పి. దువ్వెన నిండా జుట్టు రావడం మొదలయింది. ఆ పైన బీపీ. నమాజులో ఎన్ని రకాతులు అయినాయో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి చదివేది. ఎవరి మీదా గొంతు ఎత్తని మనిషి, మా అమ్మాయి హుమా గ్లాసు కింద పెట్టిన చప్పుడుకు కేకలు వేసి, వెంటనే ఆ పిల్లను పట్టుకొని ఏడ్చేది. మదనపల్లెలో డాక్టరమ్మ వసుధ గారు అన్నీ విని, "నీళ్ళు లేని బోరులో మోటారు ఆపకుండా తిప్పితే కాలిపోదా? ఈమె ఒళ్ళు అట్ల తిరుగుతాండాది. మాత్రలు నేనిస్తా గానీ, ఆపే స్విచ్చి యాడుండాదో మీరు సూసుకోవాల" అన్నారు. స్విచ్చి మా గోడ మీదనే ఉన్నది. అది తమ శాఖ వారిది.

4. ఇది వ్రాయడానికి చేయి రావడం లేదు. మొదటి వానలకే గుర్తు వెలిసిపోయింది. మేమే చెరిపినామని కేసు పెడతారేమోనని మైమూన్ బీ చిన్న డబ్బా ఎర్ర రంగు తెప్పించి తానే దిద్దింది. ఆ తర్వాత వాన పడినప్పుడల్లా దిద్దుతూనే వచ్చింది. రంజానుకు ముందు ఇంటికి సున్నం వేయడం మా వాడుక. ప్రతిసారీ గుర్తు మీద సున్నం చింది పడకుండా గుడ్డ అడ్డం పెట్టించి, ఆనక హుమా స్కేలు పెట్టి గీతను మళ్ళీ దిద్దేది. దిండు గలీబుల మీద పువ్వులు కుట్టే చేయి అది, వంకర పోదు. సర్కారు గుర్తును ఇంత శ్రద్ధగా కాపాడినవారు తమ పరిధిలో వేరొకరు ఉండరని మనవి.

5. పోయిన నెలలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట ముద్దగా వస్తున్నది. బీపీ వల్లనని డాక్టరమ్మ అన్నారు. బీపీ దేని వల్లనో నేను రుజువు చేయలేను.

6. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన వారంలోనే తమ శాఖ కొత్త ఇంజనీరు మురళి గారు ఈ దారిన పోతూ బండి ఆపినారు. "ఇదేందప్పా, ఈ గుర్తు ఇంకా ఇంత ఎర్రగా ఉండాది? రోడ్డు ఊరి బయట నుంచి పోతాదని తేలి రెండేళ్ళాయె. అందరివీ వానకు పోయినాయి గదా!" అని నవ్వినారు. మంచివారు, నా ముఖం చూసి నవ్వు ఆపేసినారు. మాకు ఆ సంగతి ఎవరు చెప్పి ఉండవలసిందని అడిగితే ఆయనకూ తెలియలేదు. మా వరుసలో తక్కిన ఇళ్ళవారు గుర్తుతో పాటు భయాన్నీ మరిచిపోయినారు.

7. రద్దయిందని మైమూన్ బీకి చెప్పినాము. నమ్మలేదు. మంచం వాకిట్లో వేయించుకొని పగలంతా ఆ గుర్తునే చూస్తూ పడుకుంటున్నది. నేను సున్నం కలిపి చెరపబోతే, మంచం మీద నుంచి జారి, పాక్కుంటూ వచ్చి, ఎడమ చేత్తో నా కాలు పట్టుకుంది. "వద్దు... కేసు..." అన్నది. బ్రష్షు పారేసి ఆమె పక్కనే కూలబడి ఏడ్చినాను. అర్జీలో ఇట్లాంటివి వ్రాయవచ్చునో లేదో నాకు తెలియదు.

కావున, సర్కారు వేసిన గుర్తును సర్కారే చెరపవలెనన్నది ఆమె నమ్మకం. నష్టపరిహారం అడగడం లేదు. ఎవరి మీదా చర్య కోరడం లేదు. తమరు జీపులో, ఆఫీసు మనుషులతో వచ్చి, ఆమె చూస్తుండగా తమ చేత్తో ఆ గుర్తు మీద సున్నం పూయవలెనని మాత్రమే ప్రార్థన. సున్నం, బ్రష్షు, కూర్చోవడానికి కుర్చీ సిద్ధంగా ఉంచినాము. చిత్తగించవలెను. కాస్త త్వరగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అబ్దుల్ గఫార్

తా.క.: సారూ, ఇది ఆఫీసు ఫైల్లో పెట్టొద్దండి. గుర్తు సెరిపినాక ఎప్పుడు రద్దయిందని ఆమె మిమ్మల్ని అడుగుతాది. మాట తిరక్కపోయినా అడుగుతాది, నాకు తెలుసు. రెండేళ్ళ సంగతి మేం ఆమెకు సెప్పలేదు. "ఈ పొద్దే ఆర్డరు వచ్చిందమ్మా, వచ్చిన వెంటనే పరుగెత్తుకొని వచ్చినాను" అని సెప్పండి. అబద్ధమని వెనకాడొద్దండి, మీ పిల్లాపాపల కోసం ఐదు పూటలా దువా చేస్తా. తన చేత్తో దిద్దుకుంటా రెండేళ్ళు ఉత్తుత్తికే భయపడినానని తెలిస్తే, ఆ మనిషి తట్టుకోలేదు సారూ.