బండి వేడెక్కేదాకా

చిరంజీవి అల్లుడికి,

మామయ్య దీవెనలు. పాత కారు ఒకటి కొన్నాను. కిటికీలు మీ అత్తయ్యలాంటివి, ఒకసారి బిగిస్తే దిగవు. అది సరే, పొద్దున్నే స్టార్ట్ చేస్తే పొగకి కళ్లు మండుతున్నాయి. పక్కింటి పసిపాప దగ్గినప్పుడల్లా నా గుండె జారిపోతోంది. రోజంతా కార్ల పొగగొట్టాల్లో మిషను పెట్టి కొలిచేవాడివి, నా వల్ల ఆ పాపకి ఏమీ కాదు కదా?

ఇట్లు,
బెదురుతున్న మామయ్య

తా.క. దగ్గు పాపదే. నేను బాగానే ఉన్నాను.

---

మామయ్యగారికి నమస్కారాలు.

కారు కింద, పొగ వెళ్లే దారిలో ఒక డబ్బా ఉంటుంది. లోపల తేనెపట్టులాంటి సన్నటి గదులు, వాటికి ప్లాటినం పూత. పొగలోని విషవాయువు, కాలకుండా మిగిలిన పెట్రోలు అక్కడ మారిపోయి, అంత హాని లేని గాలిగా, నీటి ఆవిరిగా బయటికొస్తాయి. కాకపోతే డబ్బా బాగా వేడెక్కాలి. చల్లగా ఉన్నంతసేపూ విషం విషంలాగే వస్తుంది.

మీ
మేనల్లుడు

తా.క. అత్తయ్యకి చెప్పకండి. కారు అమ్మించేస్తుంది.

---

ఒరేయ్ అల్లుడూ,

బతికించావు! డబ్బా వేడెక్కేదాకా విషం వీధిలోకి పోకూడదు, అంతే కదా? అందుకని వంటింటి పక్క షెడ్డులో కారు పెట్టి, తలుపులు మూసి, లోపలే ఇంజను నడుపుతున్నాను. వేడెక్కాక కారు బయటికి తీస్తే ఇక వచ్చేది మంచి పొగే. పాప దగ్గు తగ్గింది. ఈ ఉత్తరం కూడా కారులో కూర్చునే రాస్తున్నాను. ప్లాటినం సంగతి మీ అత్తయ్యకి తెలిస్తే కారు కింద దూరి గాజులు చేయించుకుంటుంది. ఏం చెబుతున్నాను? ఆఁ, తల కాస్త దిమ్ముగా ఉంది. అక్షరాలు చీమల్లా కిందికి నడుస్తున్నాయి.

నీ
మామయ్య

తా.క. నిన్న దిగబోతే కాళ్లు తేలిపోయాయి. వయసు కాబోలు. రేపట్నుంచి ఇంకాస్త ఎక్కువసేపు వేడెక్కిస్తాను.

---

మామయ్యా!

చదవడం ఆపండి. తలుపులు తెరవండి. తెరిచారా? ఇప్పుడు చదవండి.

ఆ విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో గాలి ఉండాల్సిన చోట అది కూర్చుంటుంది. ఆ డబ్బా పని చెయ్యాలన్నా గాలి కావాలి. మూసిన షెడ్డులో ఉన్న కాస్త గాలి కోసం మీరూ, ఇంజనూ, డబ్బా పోటీ పడుతున్నారు. డబ్బా ఎంత వేడెక్కినా ఆ షెడ్డులో కూర్చోకూడదు! మీ ఇంటికి చేస్తే ఫోను మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు.

మీ
మేనల్లుడు

తా.క. మీరు రాయలేకపోతే అత్తయ్య చేత రాయించండి. వద్దు, మీరే రాయండి.

---

నాయనా,

నేనే రాస్తున్నాను. నీ ఉత్తరం రాకముందే మీ అత్తయ్య తలుపులు బద్దలుకొట్టి, స్పృహ లేని నన్ను బయటికి ఈడ్చింది. నీ ఫోను మోగేసరికి అందరం ఆస్పత్రిలో ఉన్నాం. ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. నువ్వు కార్లకి గొట్టం పెడతావు, వాళ్లు నాకు పెట్టారు. ఇప్పుడు పాప వాళ్ల నాన్నా నేనూ బండిని ఇళ్లు దాటేదాకా తోసి, అక్కడ స్టార్ట్ చేసి, ఆగకుండా వెళ్లిపోతున్నాం.

డాక్టరు మీ అత్తయ్యని అడిగాడు: "ఆ గాలికి వాసన ఉండదు కదమ్మా, మీకెలా తెలిసింది?" ఆవిడ నావైపు చూసింది. నేను గోడవైపు చూశాను.

ఇంకా బతికున్న
మామయ్య

తా.క. మానేశానని ఒట్టేసిన సిగరెట్టు, ఆ రోజు కారులో కూర్చుని కాలుస్తున్నాను. ఆ వాసన వంటింట్లోకి వెళ్లింది. ఆవిడ వచ్చింది నన్ను కాపాడ్డానికి కాదురా, పట్టుకోవడానికి.