పదికి మూడు

మార్చి 2, శనివారం

నాన్నని మేకర్‌స్పేస్‌కి లాక్కెళ్ళా. లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరికి పిచ్చెక్కేది. అన్నయ్య వాళ్ళ మూడో అంతస్తు మెట్లు ఎక్కలేక మా ఇంటికొచ్చి పదిహేను రోజులైంది. రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. గోడల మీద వంకరగా ఉన్న ప్రతి ఫొటో సరిచేసేశాడు. ఇక మిగిలింది నేనే.

పాత ప్రింటింగ్ ప్రెస్ షెడ్డు అది. సిరా వాసన ఇంకా పోలేదు. ఒక మూల త్రీడీ ప్రింటర్, ఇంకో మూల కుట్టు మిషన్లు, మధ్యలో వడ్రంగం బల్లలు. ఎవరైనా రావచ్చు, ఏదైనా నేర్చుకోవచ్చు. మేం స్టూలు చేసే వర్క్‌షాప్‌లో చేరాం. ఐదు శనివారాలు. నేర్పే ఆవిడ నడుముకి ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది. మనసులో టేపమ్మ అని పేరు పెట్టేశా.

రాగానే రంపం చేతికిస్తుందనుకున్నా. అబ్బే. ఒక్కొక్కరినీ నిలబెట్టి, చేతులు కిందకి వదిలెయ్యమని, అరచెయ్యి ఎంత ఎత్తులో ఉందో కొలిచి, బల్ల కాళ్ళ కింద దిమ్మలు పెట్టింది. బల్లే మనిషికి సర్దుకోవాలట, మనిషి బల్లకి కాదట. ఏ చేతివాటం అని అడిగితే కుడి అన్నా. నాన్నది పక్క బల్ల.

ఇంకో రూలుంది. ఆఖరి శనివారం అందరూ చేసిన వస్తువులు తెచ్చి, టీ తాగుతూ, అందులో తప్పెక్కడ జరిగిందో ఎవరికి వాళ్ళే చూపించాలి. గొప్పలు చెప్పుకోకూడదు. నాన్నకిది బొత్తిగా నచ్చలేదు. తప్పుంటే దిద్దుకుని తేవాలి గానీ ఊరేగించడమేంటని దారంతా సణిగాడు.

మార్చి 5, మంగళవారం

అనుకున్నంతా అయింది.

పిచ్చుక బొమ్మకి రంగులేస్తోంది. మా ఐదేళ్ళదానికి ఆ పేరు నేనే పెట్టా, నోరు మూతపడదు కాబట్టి. నాలాగే దానిదీ పుర్రచెయ్యి. నాన్న పక్కన కూర్చుని, గీత దాటకమ్మా అంటూనే దాని ఎడమ చేతిలో క్రేయాన్ తీసి కుడి చేతిలో పెట్టాడు. అది మళ్ళీ ఎడమలోకి మార్చుకుంది. మళ్ళీ తీసి పెట్టాడు. మూడోసారి వంటింట్లోంచి ఒక్క అరుపు అరిచా. అలవాటులో పొరపాటు అన్నాడు.

పొరపాటట! ఆరేళ్ళప్పుడు నా ఎడమ చెయ్యి కుర్చీకి కట్టింది కూడా పొరపాటేనా? తెల్ల కర్చీఫు, నీలం అంచు. కుడి చేత్తో పేజీ నిండితేనే విప్పేవాడు. కొట్టలేదు, తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ పోట్లాడేదాన్ని.

ఏప్రిల్ ఒకటి నుంచి మా ఆయనకి మధ్యాహ్నం షిఫ్టు. నాకు హాస్పిటల్లో ఏడు దాకా ఎక్స్‌రేలు. అంటే రోజూ మూడు నుంచి ఏడు దాకా ఇంట్లో పిచ్చుక, నాన్న, ఇద్దరే. క్రెష్‌లో వేద్దామంటే, ఇంట్లో తాతని పెట్టుకుని క్రెష్ ఏంటంటాడు మా ఆయన. ఆయన చెయ్యి ఎవరూ కట్టలేదు మరి.

ఈ నెలాఖరులోపు తేల్చుకోవాలి.

మార్చి 7, గురువారం

వాచీ మర్చిపోయి డ్యూటీకెళ్ళా. ఎక్స్‌రే మీద ఎడమకి ఎల్, కుడికి ఆర్ అని పెట్టే బిళ్ళలు ఏది ఏ పక్కో రోజంతా తడబాటే. నాకు వాచీ ఉన్న చెయ్యే ఎడమ. ముప్ఫై ఏడేళ్ళొచ్చాయి, సిగ్గు లేదు.

మార్చి 9, శనివారం

రంపం నా మాట వినదు. పెన్సిల్ గీత ఒక దారి, అదొక దారి. మూడు కాళ్ళు కోస్తే మూడూ మూడు రకాలు. నాన్న కోసినవి నూలు పట్టినట్టున్నాయి. ఆ మొహంలో వెలుగు చూడాలి!

టేపమ్మ కాసేపు నన్నే చూసింది. ఉన్నట్టుండి, పట్టుకో అని ఒక చెక్కముక్క విసిరింది. పట్టుకున్నా. ఎడమ చేత్తో. ఇంకోటి విసిరింది. మళ్ళీ ఎడమే. నా కుడి చేతిలోంచి రంపం తీసుకుని ఎడమ చేతిలో పెట్టి, ఇప్పుడు కొయ్యమంది.

రంపం దిగింది. తిన్నగా, గీత మీదే. ఏడుపు ముంచుకొచ్చింది. కంట్లో పొట్టు పడిందని చెప్పా.

ఎవరు మార్చారు చెయ్యి అని అడిగింది, టైమెంతయిందని అడిగినంత మామూలుగా. పక్క బల్ల దగ్గర నాన్న మూలమట్టం తుడుస్తున్నాడు. చెప్పెయ్యొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. చిన్నప్పుడే మారిపోయిందండీ అన్నా. దానంతటదే మారిపోవడానికి అదేమన్నా వాతావరణమా!

నాన్న విన్నాడు. క్లాసయ్యేదాకా ఆ మూలమట్టమే తుడుస్తూ కూర్చున్నాడు.

మార్చి 10, ఆదివారం

హాల్లో ఫొటో వంకరగానే ఉంది. నాన్న ముట్టుకోలేదు.

మార్చి 16, శనివారం

చెయ్యి దొరికింది గానీ బల్లతో తంటా. చెక్కని బిగించి పట్టుకునే వైస్ బల్లకి ఎడమ కొసన ఉంటుంది. కుడిచేతి వాళ్ళకి అదే వీలు. నేను రంపం లాగిన ప్రతిసారీ మోచెయ్యి దానికి టంగుమని కొట్టుకుంటోంది. టేపమ్మ మార్చాలంది, ఈలోపు లేజర్ కట్టర్ ఏదో మొరాయించి అటు పరుగెత్తింది. నాన్న నా మోచెయ్యి చూస్తున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నా.

మార్చి 21, గురువారం, సాయంత్రం అయిదు

మిషన్ రిపేరని పెందలాడే పంపేశారు. ఇంటికొచ్చేసరికి మా ఆయన బజారుకెళ్ళాడు, పిచ్చుక నిద్రపోతోంది. టేబుల్ మీద కర్చీఫు. తెల్లది, నీలం అంచు. ముడులు నలిగి ఉన్నాయి. పక్కన రూళ్ళ కాపీ. పేజీ నిండా అ ఆ ఇ ఈ, వణికిపోతూ, వంకరటింకరగా, గీతలు దాటేసి. పిల్లచేత కుడి చేత్తో బలవంతాన రాయించినట్టు.

నాకు ఒళ్ళు తెలీలేదు. నా చెయ్యి సరిపోలేదా, దాని చెయ్యి కూడా కావాలా అన్నా. ఇంకా చాలా అన్నా, రాయడానికి మనసొప్పట్లేదు. నాన్న మణికట్టు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

చెప్పులైనా విడవకుండా క్రెష్‌కెళ్ళి ఫారం నింపేసి వచ్చా. ఒకటో తారీకు నుంచి.

అదే రోజు, ఏడున్నర

పిచ్చుక లేచింది. కాపీ ఎక్కడ, తాతకి ఇంకా మార్కులు వెయ్యలేదంది.

ఆ అక్షరాలు నాన్నవి. తన కుడి చెయ్యి కుర్చీకి కట్టమని రోజూ దీన్నే అడుగుతున్నాడట. ముడి గట్టిగా వెయ్యమంటాడట. ఎడమ చేత్తో ఆయన రాస్తుంటే ఇది పక్కన కూర్చుని, గీత దాటకు తాతా అని పాఠం చెబుతుందట. నిన్న పదికి మూడు వేసిందట. తాత మొద్దు గానీ మంచివాడు అంది.

నాన్న గది తలుపు వేసి ఉంది. నేను కాసేపు బయటే నించున్నా.

మార్చి 22, శుక్రవారం

పొద్దున్నే టీ తీసుకెళ్ళి, నోరు జారానన్నా. నాన్న కప్పు అందుకుని, ముడి ఎలా ఉంటుందో చూద్దామనుకున్నానన్నాడు. తొమ్మిది రోజులు కట్టించుకున్నాడట. నాలుగో రోజుకే ఏడుపొచ్చిందట, పిల్ల చూస్తుందని ఆపుకున్నాడట. టీ చల్లారిపోయింది.

మార్చి 23, శనివారం

నాన్న నాకంటే గంట ముందే బయల్దేరాడు. నేను వెళ్ళేసరికి టేపమ్మ టార్చి పట్టుకుని ఉంది, నాన్న ఆ మోకాళ్ళతో నా బల్ల కింద పడుకుని స్పానర్ తిప్పుతున్నాడు. వైస్ కుడి కొసకి వచ్చేసింది. లేచి, బట్టలకంటిన పొట్టు దులుపుకుని, ఓసారి రంపం లాగి చూడమన్నాడు.

మోచెయ్యి దేనికీ తగల్లేదు.

మార్చి 30, శనివారం

ఇవాళ సభ. ఇరవై మంది, ఒక ఫ్లాస్కు టీ. కుట్టుపని నేర్చుకుంటున్న పోస్ట్‌మాన్ సంచీకి జేబు తలకిందులుగా కుట్టానని చూపించాడు. పడీ పడీ నవ్వాం. నా స్టూలు పిచ్చుకకి. ఒక కాలు చెయ్యి మార్చకముందు కుడి చేత్తో కోసిందే, వంకరగా ఉంది, మార్చబుద్ధి కాలేదని చెప్పా. పిచ్చుక దాని మీదెక్కి కూర్చుంది, ఇక దిగితే ఒట్టు.

నాన్న వంతు వచ్చింది. ఆ స్టూల్లో తప్పు వెతకడం ఎవరి తరమూ కాదు. టేపమ్మ మూలమట్టం పెట్టి మరీ చూసింది. నాన్న గొంతు సవరించుకుని, తప్పు దీన్లో లేదు, పక్క బల్ల దగ్గరుంది అన్నాడు.

మా అమ్మాయి చెయ్యి కట్టేశానన్నాడు. ఒక వేసవి అని నేను అనుకుంటూ వచ్చా. రెండు అన్నాడు. రెండో వేసవికి అది బొమ్మలు వెయ్యడం మానేసిందని, డ్రాయింగ్ మాస్టారికి ఆ సంగతి అప్పుడే తెలిసిందని, తెలిసీ కర్చీఫు విప్పలేదని చెప్పాడు. తప్పుంటే దిద్దుకుని తేవాలనుకునేవాణ్ణి, ఇది దిద్దడానికి రావట్లేదు, అందుకే చూపిస్తున్నానన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నలుగురిలో ఏంటిది నాన్నా అని చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టా. ఎడమ చేత్తోనే లాగానని తర్వాత గమనించా. నేను బొమ్మలు వేసేదాన్నని నాకే గుర్తులేదు. ఆయనకి గుర్తుంది. ఇంటికొచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నా, ఈసారి పొట్టు మీదకి నెట్టలేదు.

క్రెష్‌కి ఫోన్ చేసి పిచ్చుక రావట్లేదని చెప్పేశా.

మార్చి 31, ఆదివారం

ఇది ఎడమ చేత్తో రాస్తున్నా.

పదికి నాలుగట. నాన్న కంటే ఒకటెక్కువ.