టేపు కింద పేర్లు

అమ్మమ్మా,

నువ్వు పంపిన పీకాన్ గింజలు అందాయి. ఇక్కడ పొద్దున్నే సరస్సు మీంచి పొగమంచు వచ్చి ఊరిని మింగేస్తుంది. అది విడిపోయేసరికి ప్రతి కిటికీలోనూ నా పేరే. పోయినేడు అందరికన్నా ఎక్కువ ఓడింది ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టే కదా, ఇక్కడి రూలు ప్రకారం కొత్త కుర్రాళ్లలో మొదట ఎంచుకునే వంతు వీళ్లకే వచ్చింది. నన్ను ఎంచుకున్నారు. బేకరీ ఆవిడ రొట్టె చేతిలో పెట్టి డబ్బులు పుచ్చుకోదు. "ఈసారి కప్పు తెస్తావుగా నాయనా?" అంటుంది.

నిన్న మా సాధన చూడ్డానికి వాల్డెమార్ అనే పెద్దాయన వానలో నిలబడ్డాడు. ఇక్కడివాళ్లు కొత్త జెర్సీ కొనరు. పాతదాని వీపు మీద పేరుకి టేపు అంటించి, కొత్త ఆటగాడి పేరు రాసుకుంటారు. తను తొడుక్కున్నదాని మీద సంతకం పెట్టమని ఆయన వీపు నా వైపు తిప్పాడు. తడికి టేపు ఊడి వేలాడుతోంది. నా పేరు కింద ఇంకో పేరు, దాని కింద మరోటి. అందరూ ఏదో ఒక ఏడు నాలాగే మొదట ఎంపికైనవాళ్లు.

"వీళ్లంతా ఏమయ్యారు తాతా?"

"బంగారంలాంటి పిల్లలురా. టేపే మంచిది కాదు," అని నవ్వాడు. "గట్టిగా నొక్కు. ఈసారి ఊడదులే."

నొక్కాను. ఆయన వీపు చలికి వణుకుతోంది.

నిద్ర పడుతోందా అని అడిగావు. పడుతోంది. కలలో నా పేరు వీపు మీంచి ఊడి, ఆకులా సరస్సు మీద తేలిపోతూ ఉంటుంది. చిన్నప్పటి నుంచీ బోర్లా పడుకునేవాణ్ణి కదా, ఇప్పుడు మానేశాను అమ్మమ్మా. వీపు పరుపుకి గట్టిగా ఆనించి పడుకుంటున్నాను.

నీ మనవడు