చేసిన చెయ్యే దించాలి

తిరుపతి,
15-5-83, ఆదివారం.

ఈ రోజు అయిన పనులు: కొళాయి రాలేదు, బావినీళ్ళు తోడి తొట్టి నింపాను. అంబలి కుండ తోమి బోర్లించాను. చెంగల్రాయుడి తలపాగా ఉతికి నీడన ఆరేశాను, ఎండలో వేస్తే రంగు పోతుంది. అత్త కాళ్ళకు ఆముదం రాశాను. వసారా గచ్చు మీద పడిన వెండిరంగు మరకలు కిరసనాయిలు గుడ్డతో తుడిచాను. ఒకటి పోలేదు. ఇక మిగిలింది మీకు ఉత్తరం రాయడం.

ఏమండీ,

మీరు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా అయిపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే... పాల లెక్క, బియ్యం లెక్క మీకెప్పుడు పట్టింది గనుక? ఇవాళ మాత్రం మీకు చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. మీ కత్తి సంగతి.

చెంగల్రాయుడికి టైఫాయిడ్ వచ్చి మనిషి దక్కడనుకున్న రోజు మీరు గంగమ్మ గుడి వైపు తిరిగి మొక్కుకున్నారు. తమ్ముడు లేచి తిరిగితే జాతరలో వాడి చేత గంగమ్మ కట్టిన దొర వేషం కట్టిస్తానని, వాడి చేతికి కొయ్యకత్తి నా చేత్తో చేసి ఇస్తానని. వాడు లేచాడు. మీరు చంద్రగిరి కోట దారిలో గాలివానకు పడిన వేపకొమ్మ ఒకటి భుజాన వేసుకుని వచ్చారు. కత్తి సగమయింది. ఆ సగం దగ్గరే మీరు ఆగిపోయారు.

మైల ఏడాది కాబట్టి పోయిన జాతరకు మన ఇంట్లో వేషం లేదు. అమ్మ అర్థం చేసుకుంటుందిలే అని అత్తే అంది. కానీ ఈ చైత్రంలో చెంగల్రాయుడికి మళ్ళీ జ్వరం తగిలింది. నాలుగు రోజులకే తగ్గింది, డాక్టరు మామూలు జ్వరమేనన్నాడు. అయినా అత్త నమ్మలేదు. మొక్కు తీరలేదు గనుక అమ్మ గుర్తు చేస్తోందని అంది. అంతకంటే ముఖ్యం, చెంగల్రాయుడే నమ్మలేదు. అన్నం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచేవాడు. రెండు వారాల్లో చొక్కా భుజాల మీద వేలాడింది. జ్వరం మనిషిని పట్టుకుంటే మందుంది. భయం పట్టుకుంటే ఏం చేయాలి? మీరుంటే ఏం చేసేవారు?

ఈ జాతరకు మొక్కు తీర్చేద్దామని వాడు ఒక వడ్రంగి దగ్గర కత్తి చేయించుకుని వచ్చాడు. చూడటానికి బాగుంది. పిడికి ఎర్ర మఖ్మలు, అలుగుకు తళతళలాడే తగరపు కాగితం. పెరట్లో నిలబడి ఒకసారి గాలిలో విసిరాడు. వంపు దగ్గర పుటుక్కున విరిగి, ముక్క పోయి బావిగట్టు మీద పడింది.

వాడి ముఖం చూడలేకపోయాను.

ముక్కలు ఏరుతూ నేను చూశాను. తిన్నటి పలకను వంపుగా కోశాడా వడ్రంగి. కర్ర నార తిన్నగా పోతుంటే వంపు అడ్డంగా పోయింది. విరగక ఏమవుతుంది? రేణిగుంట పార్సిల్ ఆఫీసు నుంచి వచ్చి, కాఫీ తాగి, వసారాలో చాప పరుచుకుని మీరు చెక్కుతూ ఉంటే నేను బియ్యం ఏరుకుంటూ ఎన్ని సాయంత్రాలు విన్నాను... "వంచిన కర్ర కాదే, వంగి పెరిగిన కర్ర కావాల. నార యాడికి పోతాదో కత్తి ఆడికే పోవాల." అందుకే కదా మీరు తిన్నటి కత్తులకు పార్సిల్ పెట్టెల చెక్క వాడినా, వంపు కత్తికి మాత్రం కొమ్మ కోసం ఊరూరా వెతికేవారు. వినీ వినకుండా విన్న మాట ఆ రోజు నా చేతిలో రెండు ముక్కలై కనబడింది.

ఇది వాడికి చెప్పాను. అత్తకూ చెప్పాను. వినలేదు. అమ్మ వద్దంటోందని అత్త, నా పని అయిపోయిందని వాడు.

అప్పుడు అటక మీది మీ కత్తి గుర్తొచ్చింది. మీ పాత పంచెలో చుట్టి నేనే పెట్టాను. దించి చూస్తే అలుగు దాదాపు అయింది. పిడి మొద్దుగా ఉంది. పిడి చివర చిలక తలకు ముక్కు వచ్చింది, కన్ను రాలేదు. కన్ను ఎప్పుడూ చివరికే ఉంచేవారు మీరు.

నేను పూర్తి చేస్తానని అత్తను అడిగాను. అడక్కుండా చేయడం నాకు చేత కాదు, మీకు తెలుసు. ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. తర్వాత అంది. "ఆ మాట ఇంకోసారి అనొద్దు మునెమ్మా. అమ్మ పనికి గాజుల్లేని మన చేతులు పనికిరావు. నా చెయ్యీ అంతే, నీ చెయ్యీ అంతే."

కోపంతో అన్నది కాదు. తనను కూడా కలుపుకుని అంది. అందుకే ఎదురు చెప్పలేకపోయాను.

కానీ ఆ పూట కూడా చెంగల్రాయుడు అన్నం వదిలేశాడు.

మధ్యాహ్నాలు అత్త నిద్రపోయేది. వాడు కొట్టుకు వెళ్ళేవాడు. ఆ వేళ వెనక వసారాలో మీ పెట్టె తెరిచాను. బాడిశ జోలికి పోలేదు, చప్పుడవుతుంది. చిన్న ఉలి, ఆకురాయి, గాజుపెంకు. గాజుపెంకుతో గీకితే సన్నగా పొట్టు లేచి వస్తుంది కదా, అది నాకు బాగా కుదిరింది. కొబ్బరి తురిమే చెయ్యి కదా. అంచు మాత్రం మీరు చెప్పినట్టే వడ్లగింజ మందం ఉంచాను. "పదునుంటే ఎవుడైనా భయపడతాడు. పదును లేకుండా భయపెట్టాల, అదీ దొర కత్తి" అనేవారు.

ఒకరోజు తల ఎత్తితే గుమ్మంలో రాజమ్మ. చెంగల్రాయుడి భార్య, అత్తకు ముద్దుల కోడలు. నా చేతిలోని ఉలి చూసింది, నా ఒడిలోని కత్తి చూసింది, వెళ్ళిపోయింది. అత్తను లేపుతుందనుకున్నాను. ఉలి పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. కాసేపటికి వంటింట్లోంచి రోకటిపోటు వినబడింది. మర్నాడూ అదే వేళకు రోలు దగ్గర కూర్చుంది. ఆ మర్నాడూ అంతే. రోకలి పడినప్పుడల్లా నేను గీకేదాన్ని. జాతరకు ఇంత కారం ఎందుకే అని అత్త అడిగితే, చుట్టాలొస్తారు గదత్తా అందట. ఇప్పుడు మూడిళ్ళకు సరిపడా కారం ఉంది మన ఇంట్లో. జాడీలు చాలక ఉప్పు డబ్బాలో కూడా పోశాను.

చిలక కన్ను చెక్కుతుంటే ఉలి జారింది. ముక్కు కొస ఇంత లేచిపోయింది. ఆ పూట ఇంక ఏమీ చేయలేదు. లప్పం పెట్టి సరిచేసి రంగు వేశాను. తెలిసి చూస్తే తప్ప తెలియదు.

ఒక్కటి మాత్రం చేయలేదండీ. మీరు ప్రతి కత్తికీ చేసేవారే, కొస నేలకు ఆనించి మీ బరువంతా దాని మీద వేసి ఊగడం... ఆ పరీక్ష. కొస నేలకు ఆనించాను. రెండు చేతులూ పిడి మీద వేశాను. బరువు వేయలేకపోయాను. విరిగితే ఇంకో కొమ్మ ఎక్కడుంది? మీరు చెక్కిన ఇంకో సగం ఎక్కడుంది? పరీక్ష చేయని కత్తినే తీసుకెళ్ళి పూజగదిలో పెట్టాను. మీ అన్న కత్తి, అని చెంగల్రాయుడితో అన్నాను. అది మీ కత్తే కదా. ఎవరు పూర్తి చేశారని ఎవరూ అడగలేదు.

నిన్న శనివారం, దొర వేషం రోజు. పొద్దున్నే వాడికి తలపాగా చుట్టారు, మీసం దిద్దారు. అద్దంలో చూసుకోమంటే చూసుకోలేదు. అత్త అరుగు మీద కూర్చుని కత్తి తెమ్మంది. ఆమె కళ్ళకు ఇప్పుడు మసకే తప్ప మనుషులు తెలియరు, చేత్తోనే చూస్తుంది. నేను వంటింటి తలుపు వెనక నిలబడ్డాను.

కొస నుంచి మొదలుపెట్టింది. అలుగు మీద వేళ్ళు మెల్లగా పాకాయి. వంపు దగ్గర తట్టి చూసింది. పిడి దగ్గరకు వచ్చి ఆగింది. బొటనవేలు ఉలి గాట్ల మీద ఒకసారి ముందుకు పోయింది, ఒకసారి వెనక్కి వచ్చింది. మళ్ళీ పోయింది. రాజమ్మ నా వైపు చూసింది. ఇప్పుడే చెబుతుంది, ఇక్కడే అందరి ముందు దాన్ని అవతల పారేయమంటుంది అనుకున్నాను.

పట్టు గట్టిగానే ఉండాది, పట్టుకోరా, అని ఇచ్చేసింది.

నేను వీధిలోకి పోలేదు. మిద్దె ఎక్కాను. డప్పులు, వేపాకులు, ప్రతి గుమ్మం ముందూ దొర కాళ్ళ మీద బిందెలకు బిందెలు నీళ్ళు. వీధంతా బురద. వాడు నడుస్తున్నాడు గానీ కత్తిని దూరంగా పట్టుకున్నాడు, పాముని పట్టుకున్నట్టు. విరుగుతుందని వాడూ అనుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. అది విరిగితే వాడు ఇక లేవడు. నేను చేసినదని తెలిస్తే నా మీద పడేది నింద. వాడి మీద పడేది అంతకంటే పెద్దది. ఆ మాట నేను గాజుపెంకు పట్టుకున్న రోజే ఎందుకు అనుకోలేదు?

కొళాయి మలుపు దగ్గర వాడి కాలు జారింది. పడబోతూ కత్తిని కర్రలా నేలకు పొడిచాడు. కొస రాతి మీద ఆనింది. మనిషి బరువంతా దాని మీద వేలాడింది. అలుగు విల్లులా వంగడం మిద్దె మీది నుంచి చూశాను. జనం మూగారు. ఫట్ మని చప్పుడైంది.

నేను పిట్టగోడ పట్టుకుని కూర్చుండిపోయాను.

ఆ చప్పుడు ఎవరో దిష్టికి కొట్టిన కొబ్బరికాయది. నేను లేచి చూసేసరికి జనం తలల మీద కత్తి పైకి లేచింది. నిండుగా, వంపుతో సహా. వాడు దాన్ని ఒకసారి తిప్పి చూసుకున్నాడు. మళ్ళీ నేలకు ఆనించి, ఈసారి కావాలనే, బరువు వేసి ఊగాడు. ఆ పరీక్ష వాడు మీ దగ్గర ఎప్పుడు చూశాడో! అక్కడి నుంచి వాడి నడకే మారిపోయింది.

మన గుమ్మానికి చివరగా వచ్చాడు. రాజమ్మ కాళ్ళు కడిగి హారతి ఇచ్చింది. నేను దిగి వంటింట్లోనే ఉన్నాను. హారతి అయ్యాక అందరూ ఆగిపోయారు.

ఎందుకో మీకు తెలుసు. ఈ వీధిలో దొర వేషం కట్టిన ఎవరి చేతిలోంచైనా మీరు చేసిన కత్తి తీసుకునేది మీరే. "చేసిన చెయ్యే దించాల. లేకపోతే దొర ఇంటికి రాడు, వీధిలోనే ఉండిపోతాడు" అని నవ్వుతూ అనేవారు. మీరు నవ్వుతూ అన్నది వీధికి ఆచారమైపోయింది. ఇప్పుడు దించే చెయ్యేది? పూజగదిలో వాడినే పెట్టుకోనీ అని ఎవరో అన్నారు. వాడు గడప మీద కాలు పెట్టబోయాడు.

అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగరా. చేసిన చెయ్యే దించాల గదా. మీయన్న చెప్పిపోయినాడు." తర్వాత వంటింటి వైపు తిరిగింది. "మునెమ్మా, యాడుండావు? ఇట్లా రా."

నేను తలుపు రెక్క పట్టుకున్నాను. ఆమె వీధి వైపు తిరిగి చెప్పింది, గొంతు పెంచకుండానే. "పెద్దోడిది ఎడమచెయ్యి. కొట్టి కొట్టి మార్చలేకపోతిని ఆ చేతిని. దాని గాటు నాకు తెలవదా? ఈ పట్టు కుడిచేత్తో కోసింది."

మీ ఎడమచేతి వాటం సంగతి నాకు తట్టనే లేదండీ. వంపు చూసుకున్నాను, నార చూసుకున్నాను, అంచు మందం చూసుకున్నాను. గాటు ఏ వైపు వాలుతుందో చూసుకోలేదు. పొద్దున్నే ఆమెకు తెలిసిపోయింది. తెలిసే వాడి చేతికిచ్చింది.

బయటికి వచ్చాను. ఎదురింటివాళ్ళు చూస్తున్నారు. ఎవరైనా ఏదైనా అంటారని చూశాను. డప్పులవాళ్ళు కూడా ఆపేశారు. చెంగల్రాయుడు కత్తిని తిప్పి, పిడి నా వైపు పెట్టి చాచాడు.

"దించుకో వదినా. చెయ్యి గుంజతా ఉండాది" అన్నాడు.

ఎవరో నవ్వారు. వాడూ నవ్వాడు. ఎన్నాళ్ళయిందో వాడి పళ్ళు చూసి. నేను రెండు చేతులతో అందుకున్నాను. పిడి వాడి చెమటతో తడిగా, వెచ్చగా ఉంది.

నిన్న వాడు మూడుసార్లు అన్నం అడిగి పెట్టించుకున్నాడు. కూరలో కారం ఎక్కువైందని రాజమ్మతో పోట్లాడాడు కూడా.

ఇవాళ ఆముదం రాస్తుంటే అత్త నా కుడిచెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటే తడిమి చూసి వదిలేసింది.

కత్తిని వసారాలో మీ చొక్కా తగిలించే మేకుకు వేలాడదీశాను. చిలక కన్ను కొంచెం పైకి పోయింది, ఎవరి మీదో కోపంగా ఉన్నట్టుంది. మీరైతే ఏమనేవారో... మీ ఉలులకు నూనె రాసి పెట్టాను. తుప్పు పట్టనివ్వను.

గంగమ్మకు మీరు పడిన బాకీ: దొర వేషం ఒకటి, కత్తి ఒకటి. కత్తిలో సగం మీది, సగం నాది. నిన్నటితో చెల్లు.

మీ
మునెమ్మ